ముగియడం తెలియని గడువు తేదీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అమెరికా పన్ను తగ్గింపుల గడువు తేదీ గారికి,

చట్టాల్లో ‘డిసెంబరు 31’ అనే పేరుతో కొలువుదీరే తమరు చెప్పిన రోజున చెప్పినట్టు వెళ్లిపోయిన దాఖలాలు బహు తక్కువ గనుక, ఈ లేఖ తమకు చేరుతుందన్న ధీమాతోనే రాస్తున్నాను.

తమరు పుట్టింది పొదుపు కోసం కాదని అందరికీ తెలుసు. సెనెట్‌లో మామూలు బిల్లుపై చర్చ ముగించాలంటే 60 ఓట్లు కావాలి. బడ్జెట్ బిల్లులకున్న ‘రికన్సిలియేషన్’ అనే ప్రత్యేక దారిలో వెళితే సాధారణ మెజారిటీ చాలు గానీ, బడ్జెట్ కాలపరిమితి దాటాక లోటు పెంచరాదని బైర్డ్ నిబంధన అడ్డుపడుతుంది. ఆ అడ్డు దాటడానికే 2001లో జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన తగ్గింపులన్నీ 2010 చివర ముగుస్తాయని తమచేత హామీ ఇప్పించారు. చనిపోయినవారు వదిలివెళ్లే ఆస్తిపై వేసే ఎస్టేట్ పన్ను 2010లో మాయమై 2011లో తిరిగి రావాలని కూడా అదే చట్టంలో రాశారు. సంపన్నులు కన్నుమూయడానికి లాభసాటి సంవత్సరాన్ని శాసనంగా నిర్ణయించిన ఘనత ఆ విధంగా తమకు దక్కింది.

2010 డిసెంబరు రాగానే, మాంద్యపు దెబ్బ నుంచి దేశం ఇంకా తేరుకోలేదంటూ ఒబామా తమకు రెండేళ్ల పొడిగింపు ఇచ్చారు. ఆ తర్వాతి చట్టాన్ని కాంగ్రెస్ 2013 జనవరి 1న ఆమోదించి, ఏటా ఆదాయం 4 లక్షల డాలర్లు దాటిన వ్యక్తులను, 4.5 లక్షలు దాటిన దంపతులను మినహాయించి, తక్కినవారి రేట్ల తగ్గింపును శాశ్వతం చేసింది. పన్నెండేళ్ల ఉద్యోగంలో తమరు మాట నిలబెట్టుకున్నది, అంటే, కొన్ని గంటలపాటు!

2017 నాటి పన్ను తగ్గింపుల చట్టంలో తమరు మరింత మర్యాద నేర్చారు. కంపెనీల పన్ను 35 నుంచి 21 శాతానికి దిగినప్పుడు ఆ గుమ్మం తొక్కలేదు. వ్యక్తుల రేట్ల దగ్గర మాత్రం 2025 చివరి వరకు బైఠాయించారు. తమ అసలు ప్రతిభ 2025లో బయటపడింది. ఎలాగూ ముగుస్తాయి గనుక ఆనాడు చవకగా కనిపించిన తగ్గింపులే, ఎలాగూ అమల్లో ఉన్నాయి గనుక పొడిగింపుకు ఖర్చే లేదని సెనెట్ లెక్కలో తేలాయి. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం మాత్రం పాత పద్ధతిలోనే లెక్కగట్టి, జూలై 4న సంతకమై ఆ తగ్గింపులను శాశ్వతం చేసిన చట్టం వల్ల పదేళ్లలో లోటు సుమారు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని చెప్పింది. వెళ్తానని ఒకసారి, వెళ్లనని మరోసారి చెప్పి, రెండుసార్లూ బిల్లు ఎగ్గొట్టిన అతిథిని తమరిలోనే చూశాను.

శాశ్వతం చేయడమే తప్పని నేననను. ఏటా మారే రేట్లను నమ్ముకుని కుటుంబాలైనా, చిన్న వ్యాపారులైనా ముందుచూపుతో లెక్క వేసుకోలేరన్నది న్యాయమైన మాటే. అయితే ఆ వాదన తొలిరోజే వినిపించి, పూర్తి ఖర్చు చూపించి, ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారో చెప్పి ఓటు అడిగి ఉంటే, తమ అవసరమే పడేది కాదు కదా.

అదే 2025 చట్టంలో టిప్పుల మీద, ఓవర్‌టైమ్ మీద ఇచ్చిన మినహాయింపులకు 2028 చివరి దాకా తమరినే మళ్లీ నియమించారట. ఆ ఏడాది నవంబరులో అధ్యక్ష ఎన్నికలున్నాయి గనుక తమకు సెలవు దొరుకుతుందని నేననుకోవడం లేదు. పొడిగింపు ఉత్తర్వు ఇప్పుడే తయారు చేయించుకోండి, దాని ఖర్చు మాత్రం ఈసారి మొదటి పేజీలోనే వేయించండి.

ఇట్లు,
అంకెలు చదివే అలవాటున్న ఒక పాఠకుడు