ఆ అంకె ఎవరి చేతికి?

అరవై దాటిన మహిళల రక్తం పరీక్షించి శరీరం అసలు వయసెంతో తేలుస్తామంటున్న ప్రకటనలు విశాఖపట్నంలోనూ కనిపిస్తున్నాయి. కణాలలోని డీఎన్‌ఏపై చేరే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులను బట్టి జీవ వయసును అంచనా వేసే ఈ పద్ధతి బూటకమేమీ కాదు. 2013లో స్టీవ్ హార్వత్ అనే శాస్త్రవేత్త డీఎన్‌ఏలోని 353 స్థానాల ఆధారంగా జీవ వయసును లెక్కగట్టే ఇటువంటి ‘గడియారాన్ని’ రూపొందించారు. అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే మహిళల ఆరోగ్య పరిశోధనలో పాల్గొన్న 1,813 మంది మహిళలపై 2022లో వెలువడిన అధ్యయనం, జీవ వయసు ఏళ్ల లెక్కను మించిపోయినవారు నడకా జ్ఞాపకశక్తీ చెడకుండా 90 ఏళ్లకు చేరే అవకాశం తక్కువని చూపింది. ఆ పరిశోధనతో మాకు పేచీ లేదు. ప్రయోగశాల దాటిన ఆ అంకె ఎవరి చేతికి పోతుందన్నదే మా ఆందోళన.

ముందే తెలిస్తే జాగ్రత్తపడవచ్చు కదా అనే వాదనలో కొంత నిజం ఉంది. అయితే వేలమంది సగటు నుంచి తీసిన సంభావ్యతను ఒక్క మనిషి ఆయుర్దాయంగా అచ్చువేసి చేతికివ్వడం జాగ్రత్త అనిపించుకోదు. మరణ ముప్పును బాగా పట్టుకుంటుందని పేరున్న గ్రిమ్ఏజ్ గడియారం అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ వాసుల రక్త నమూనాలపై తయారైంది. ఏడు ప్రొటీన్లతో పాటు సిగరెట్ల లెక్క కూడా అందులో అంతర్భాగం. మన ఉత్తరాంధ్ర తీరంలో వృద్ధ మహిళలు పడుచు వయసు నుంచీ అలవాటుపడిన అడ్డపొగ, అంటే చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకుని పీల్చి అంగిలి క్యాన్సర్‌ను కొనితెచ్చుకునే ఆ దురలవాటు, కట్టెల పొయ్యి పొగ, వరుస కాన్పులతో కరిగిన రక్తం ఆ లెక్కలోకి ఎంతవరకు వచ్చాయో ఇక్కడి స్త్రీలపై పరీక్షించి చూడకుండా, జాలరిపేట అవ్వకు ఆ అంకె అంటగట్టడం అన్యాయం.

అంతకంటే పెద్ద ప్రమాదం బీమా. 65 ఏళ్లు దాటినవారికి కొత్త ఆరోగ్య పాలసీ ఇవ్వకుండా అడ్డుపడిన వయో పరిమితి 2024లో తొలగింది. జన్యు రుగ్మతల పేరిట క్లెయిములు తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ 2018లోనే ఆదేశించింది. జీవ వయసు రుగ్మతా కాదు, జన్యువులో వచ్చిన మార్పూ కాదు కనుక ఆ ఆదేశం తమకు వర్తించదని వాదించడానికి కంపెనీలకు దారి తెరిచే ఉంది. ముందు తలుపు నుంచి గెంటిన వయసు వివక్ష దొడ్డిదారిన తిరిగొస్తుంది. ఒక్క కంపెనీ ఒక్క వృద్ధురాలి ప్రీమియాన్ని ఈ అంకెతో పెంచి నెగ్గుకొస్తే చాలు, మిగిలినవన్నీ అదే బాట పడతాయి.

నిజంగా వృద్ధ స్త్రీల ప్రాణాలపై అక్కర ఉంటే ఖరీదైన గడియారాల దాకా వెళ్లనక్కరలేదు. మన దేశంతో సహా 17 దేశాలలో జరిగి 2015లో వెలువడిన ప్యూర్ అధ్యయనంలో, చేతి పట్టు బలం అయిదు కిలోలు తగ్గిన కొద్దీ మరణ ముప్పు 16 శాతం పెరిగినట్లు తేలింది. పట్టు కొలిచే పరికరం చేతిలో ఇమిడిపోతుంది. నెల మొదట్లో పింఛను ఇవ్వడానికి సచివాలయ ఉద్యోగులు అవ్వల గుమ్మం దాకా వెళ్తూనే ఉన్నారు. ఏడాదికొకసారి వారితో ఆరోగ్య కార్యకర్తను కూడా పంపి పట్టునూ నడక వేగాన్నీ కొలిపించడానికి ప్రభుత్వానికి అడ్డేమిటి? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీల రక్తహీనతను 49 ఏళ్ల దగ్గరే లెక్కించడం ఆపేసింది. కాన్పుల వయసు దాటిన స్త్రీ రక్తం సర్కారుకు అక్కరలేకపోయింది, ఇప్పుడు అదే రక్తం వ్యాపారులకు ముద్దొస్తోంది.

ఫలితాన్ని ఎవరితోనూ పంచుకోబోమని పరీక్షలు అమ్మేవారు రసీదుపైనే తెలుగులో రాసివ్వాలి. పాలసీ ఇవ్వడానికీ ప్రీమియం నిర్ణయించడానికీ జీవ వయసును వాడరాదని బీమా నియంత్రణ సంస్థ పేరుపెట్టి నిషేధించాలి. ఏ డెబ్బై ఏళ్ల తల్లో క్లెయిము కోసం కోర్టు మెట్లెక్కేదాకా ఆగి, ఆ తరువాత తీరిగ్గా ఉత్తర్వులిద్దామని అధికారులు కూర్చుంటే, అది తెలిసి తెలిసి కంపెనీలకు కొమ్ముకాయడమే అవుతుంది.