సవరణ: టైడల్‌లో వేగం, హైడ్రాలో పాటకు కదిలే బొమ్మ

విశాఖలో లైవ్ కోడింగ్ (కోడ్ రాస్తూ అప్పటికప్పుడే సంగీతం, బొమ్మలు పుట్టించడం) మొదలుపెట్టేవాళ్ల కోసం పెట్టిన గత పోస్టులో, సంగీతాన్ని కోడ్‌తో అల్లే టైడల్‌సైకిల్స్‌లో 120 బీపీఎం (నిమిషానికి దెబ్బల సంఖ్య) కావాలంటే ‘సెట్‌సీపీఎస్ 120’ అని కొట్టమని ఉంది. అలా కొట్టకండి. సీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని ఆవృత్తాలన్న లెక్క. 120 ఇస్తే శాంపిళ్లన్నీ (చిన్న ధ్వని ముక్కలు) ఒకదాని మీద ఒకటి పడి గోలగా వినిపిస్తుంది, టైడల్‌కు ధ్వని వినిపించే సూపర్‌డర్ట్ ‘లేట్’ అని వరసగా హెచ్చరికలు చూపిస్తుంది. వెంటనే ‘హష్’ నడిపి ఆపేయండి.

బీపీఎంను 60తో, వచ్చినదాన్ని ఆవృత్తంలోని దెబ్బల సంఖ్యతో భాగించాలి. నాలుగు దెబ్బలైతే 120/60/4, అంటే 0.5. ఆదితాళంలా ఎనిమిది దెబ్బలు ఒకే ఆవృత్తంలో పరిస్తే 0.25. నాలుగు దెబ్బల లెక్కన 135 బీపీఎం కావాలంటే 0.5625. టైడల్‌కు బ్రౌజర్ రూపమైన స్ట్రూడెల్‌లోనూ సూత్రం ఇదే.

బ్రౌజర్‌లో కోడ్‌తో బొమ్మలు కదిలించే హైడ్రా గురించి ఆ పోస్టులో రాసిన కోడ్ వరుసలో బాణం గుర్తు జారిపోయింది. ఎఫ్ఎఫ్‌టీ విలువను (మైకులో పడే ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకెను) నేరుగా రాస్తే అది ఒక్కసారే చదివి ఊరుకుంటుంది, బొమ్మ అక్కడే బిగుసుకుపోతుంది. ముందు ఖాళీ బ్రాకెట్లు, ఆ పక్కన సమాన గుర్తు, కుడివైపు కోణం గుర్తు, అంటే () => పెడితే ప్రతి ఫ్రేమ్‌కూ మళ్లీ చదువుతుంది.

ఇంకొకటి: హైడ్రా వినేది బ్రౌజర్ మైకు ద్వారా. హెడ్‌ఫోన్స్‌తో సాధన చేస్తే బొమ్మ పాటకు కదలదు. స్పీకర్లు పెట్టినా, బీచ్ రోడ్డు వైపు కిటికీలు తెరిచి ఫ్యాన్ తిరుగుతుంటే ఆ హోరుకే ఊగుతుంది. ‘ఏ.షో’తో ధ్వని స్థాయిని చూపే పట్టీలు చూస్తూ, పాట ఆపినప్పుడు బొమ్మ కదలడం ఆగేవరకు, ఎంత ధ్వని దాటితే స్పందించాలో చెప్పే ‘సెట్‌కటాఫ్’ పెంచండి.