ఇంకో యాప్ వద్దు బాబోయ్!

మా అమ్మాయి ఏడో తరగతి. హోంవర్క్‌కి ఒక యాప్, ఫీజుకి ఒకటి, బస్సు ఎక్కడుందో చూడ్డానికి ఇంకోటి, లెక్కల ప్రాక్టీసుకి మరోటి. దేని పాస్‌వర్డ్ దానిదే. ఇవి చాలవన్నట్టు మొన్న పేరెంట్స్ మీటింగులో "వచ్చే ఏడాది నుంచి ఏఐ ట్యూటర్" అని ప్రకటించారు. ఒకటే చప్పట్లు! సైన్స్ టీచర్ సంక్రాంతికి ముందే మానేశారు. ఆ ఖాళీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఈ హడావుడి కొత్తదేం కాదు. 2011లో విద్యార్థుల కోసం కేంద్రం ఆకాశ్ అనే చవక ట్యాబ్లెట్ తెచ్చింది, చదువుల తలరాత మారిపోతుందన్నారు. 2012లో కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లు వచ్చాయి, ఇక కాలేజీలు మూతే అన్నారు. మూతపడలేదు సరికదా, ఆ కోర్సుల్లో చేరినవాళ్లే చాలామంది మధ్యలో వదిలేశారు. 2022లో ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ విలువ 2,200 కోట్ల డాలర్లు, ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి స్పాన్సర్ కూడా. ఆ ఏడాదే ఆంధ్రాలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ కంపెనీ పాఠాలతో ట్యాబులు పంచారు. 2024కల్లా కంపెనీయే దివాలా కేసులో ఇరుక్కుంది.

టెక్నాలజీ వద్దని కాదు. 2020లో తెలంగాణలో బడులు మూసినప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్లలో పాఠాలు వేశారు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లలో కూడా పిల్లలు టీవీ ముందు కూర్చుని విన్నారు. దాన్నెవరూ విప్లవం అనలేదు, పాపం!

ఇంతకీ ఈ ఏఐ ట్యూటర్‌కి అదనపు ఫీజు ఎంతో సర్క్యులర్‌లో లేదు. ఆఫీసులో అడిగితే, "యాప్‌లో చూసుకోండి సార్" అన్నారు.