ఆదాయం 14, వ్యయం అచ్చులో లేదు

మా మేనల్లుడు పోయిన నెల ఒక ఆదివారం ఇంటికి వచ్చి, పెళ్లిచూపులకు ముందు అమ్మాయి ఫొటో చూపించేంత మర్యాదగా సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. "కమోడిటీ ఆప్షన్ల మీద పుస్తకం మామయ్యా, 699 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించాను. నచ్చకపోతే వచ్చే శనివారం లోపల తిప్పి పంపితే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారు. పనికొస్తుందో లేదో మీరొకసారి చూసి చెప్పండి" అన్నాడు. కమోడిటీ అంటే సరకు అని, ఆప్షన్ అంటే ముందే రాసుకున్న ధరకు దాన్ని కొనే లేదా అమ్మే హక్కు అని వాడే చెప్పాడు. నేను సహకార సంఘంలో ముప్పై మూడేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. బంగారాన్ని తాకట్టు వస్తువుగా తప్ప మరో రూపంలో ఎరుగను. అయినప్పటికీ, ఒక పుస్తకం యోగ్యతను నిర్ణయించడానికి అందులోని విషయం తెలిసి ఉండాలన్న నియమం మన విమర్శ సంప్రదాయంలో ఏనాడూ లేదు కనుక, ఆ గురుతర బాధ్యతను స్వీకరించి, తెల్లకాగితాల దస్తా ఒకటి కొనుక్కుని పనిలోకి దిగాను.

పరిశీలన అట్టతోనే ప్రారంభించవలసి వచ్చింది, ఎందుకంటే ప్రచురణకర్త ఖర్చంతా అక్కడే పెట్టినట్లు కనిపించింది. అట్ట మీద బంగారు కడ్డీలు, చమురు పీపా, గోధుమ వెన్ను ఉన్నాయి. వాటి మధ్య పిచ్చికోపంతో కాలు దువ్వుతున్న ఎద్దు ఉంది. షికాగోలో పశువుల మీద కూడా ఆప్షన్లు నడుస్తాయి గాని మన దేశంలో ఎద్దును ఇంకా ఆ జాబితాలో చేర్చలేదు కాబట్టి, ఆ జంతువు కేవలం అలంకారమని తేల్చుకున్నాను. ఎద్దు కింద మెరిసే అక్షరాలతో "కమోడిటీ ఆప్షన్లలో పాతికేళ్ల అనుభవం గల నిపుణుని రచన" అని ముద్రించారు. ఈ వాక్యం దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను.

ఆగడానికి కారణం ఉంది. మన దేశంలో 1952 నాటి ముందస్తు ఒప్పందాల నియంత్రణ చట్టం సరకుల మీద ఆప్షన్లను నిషేధించింది. ఆ చట్టం ఆప్షన్‌ను నిర్వచిస్తూ తేజీ, మందీ, తేజీ-మందీ, గల్లీ అని బజారు పేర్లన్నీ వరుసగా రాసింది. వేరే పేరు పెట్టుకుని తప్పించుకుంటారేమోనన్న శ్రద్ధ ఆ వాక్యంలో కనిపిస్తుంది. ఆ తలుపు తెరుచుకున్నది 2017లో. సరకుల మార్కెట్ల పర్యవేక్షణ 2015లో షేర్ల మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ చేతికి వచ్చిన తరువాత, 2017 అక్టోబరు 17న, సరిగ్గా ధనత్రయోదశి నాడు, సరకుల ఎక్స్ఛేంజి అయిన ఎం.సి.ఎక్స్.లో బంగారం ఆప్షన్లు మొదలయ్యాయి. ఆ లెక్కన ఈ దేశంలో పాతికేళ్ల అనుభవం గల నిపుణుడు లెక్కల్లో అయినా పొరపాటు పడి ఉండాలి, లేదా మొదటి పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల అనుభవాన్ని పోలీసులకు తెలియకుండా సంపాదించి ఉండాలి. రెండింటిలో ఏది నిజమైనా పాఠకుడికి ఉపయోగకరమైన సమాచారమే. మొదటిదైతే ఆయన ఇచ్చిన లెక్కలను నమ్మనక్కరలేదు, రెండోదైతే ఆయన ధైర్యాన్ని శంకించనక్కరలేదు.

మొదటి అధ్యాయం ప్రాచీన గ్రీసులో తెరుచుకుంటుంది. థేలీజ్ అనే తత్త్వవేత్త రాబోయే ఏడు ఆలివ్ పంట విరగకాస్తుందని ముందే పసిగట్టి, చలికాలంలోనే నూనె గానుగలన్నింటికీ కొద్దిపాటి అడ్వాన్సు ఇచ్చి పెట్టుకున్నాడని, పంట వచ్చాక వాటిని తాను చెప్పిన ధరకు అద్దెకిచ్చాడని అరిస్టాటిల్ రాశాడు. ఈ జాతి పుస్తకాలకు ఇది గణపతి ప్రార్థన వంటిది. దీని మీద నాకు అభ్యంతరం లేదు గాని, తెలుగు పాఠకుడికి ఆప్షన్ అంటే ఏమిటో చెప్పడానికి గ్రీసు దాకా ఓడ ఎక్కవలసిన అగత్యం నాకు కనిపించలేదు. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట టీ కొట్టు దగ్గర అరగంట నిలబడితే చాలు. స్థలం ధర ఇంత అని కాగితం మీద రాసుకుని, లక్ష రూపాయలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువు పెట్టుకుంటారు. ధర పెరిగితే మిగతా సొమ్ము తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు; పడితే బయానా వదులుకుని ఆ వీధి వైపు వెళ్లడం మానేస్తారు. బయానాయే ప్రీమియం, రాసుకున్న ధరే స్ట్రైక్ ధర, గడువే ఎక్స్‌పైరీ. మా ఊళ్లో దస్తావేజు లేఖరి ఈ విద్యను నలభై ఏళ్లుగా చేస్తున్నాడు. ఆయన మీద పుస్తకం రాలేదు. అదే విధంగా, తెలుగువారి కోసమే సిద్ధం చేశామని ముందుమాటలో చెప్పుకున్న ఈ గ్రంథంలో టెక్సస్ చమురు పేజీ విడిచి పేజీలో పొంగుతుంది గాని, ఫ్యూచర్స్ (ముందు తేదీ సరకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) మార్కెట్‌లో డెలివరీ కేంద్రంగా నిలిచిన నిజామాబాద్, అక్కడి పసుపు ఒక్క పేజీకైనా అంటలేదు.

మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఒక అనుమానం బలపడింది. వాక్యాలు ఎక్కడో చూసినట్లు ఉన్నాయి. ఒకచోట "బంగారం" అన్న మాట ఉండవలసిన స్థానంలో షేర్ల సూచీ పేరైన "నిఫ్టీ" మిగిలిపోవడం గమనించాను. షేర్ల మీద రాసిన పాత పుస్తకంలో ఒక మాట తీసి మరొక మాట పెట్టి ఈ గ్రంథాన్ని నిర్మించినట్లు అర్థమైంది. ఇది తేలికగా తీసుకోవలసిన పొరపాటు కాదు. నిఫ్టీ ఆప్షన్ గడువు తీరితే తేడా సొమ్ము చేతులు మారి కథ ముగుస్తుంది. ఎం.సి.ఎక్స్.లో నడిచే బంగారం, ముడిచమురు ఆప్షన్ల కింద ఉండేది సరకు కాదు, ఆ సరకు మీది ఫ్యూచర్స్ ఒప్పందం. లాభంలో ఉన్న ఆప్షన్ గడువు నాడు డబ్బుగా కాక ఫ్యూచర్స్‌గా మారుతుంది. దీన్ని ఆ వ్యాపారంలో ఉన్నవారు డివాల్వ్‌మెంట్ అంటారు. పదివేల ప్రీమియంతో సరదాగా అడుగుపెట్టినవాడు మర్నాటికి లక్షల మార్జిన్, అంటే హామీ సొమ్ము, కట్టవలసిన ఫ్యూచర్స్ ఆసామీగా నిద్రలేస్తాడు. అల్లుణ్ణి పండక్కి పిలిస్తే అత్తగారింట్లోనే స్థిరపడినట్లు ఉంటుంది ఈ వ్యవహారం. ఇంత ముఖ్యమైన మాట కోసం పుస్తకంలోని 312 పేజీలూ తిరగేశాను. లేదు.

బంగారం కిలో లాటులో (ఒక ఒప్పందానికి ఉండే పరిమాణాన్ని లాటు అంటారు) ధరను పది గ్రాములకు చెబుతారన్న సంగతి కూడా ఆ పేజీల్లో లేదు. తెర మీద ప్రీమియం 500 అని కనిపిస్తే, లాటుకు కట్టవలసింది దానికి వంద రెట్లు, అంటే 50,000 రూపాయలు. రచయిత మాత్రం "కేవలం 500 రూపాయలతో బంగారంలో ప్రవేశం" అని ఒక ఉపశీర్షిక పెట్టారు.

గ్రీకు అక్షరాల అధ్యాయం గురించి ఒక్క మాట. ఆప్షన్ ధర ఎలా మారుతుందో కొలిచే లెక్కలకు ఈ వ్యాపారంలో గ్రీకు పేర్లు పెట్టారు. డెల్టా, గామా, థీటా, వేగా అనే నాలుగు గ్రీకు అక్షరాలను వశం చేసుకున్నవాడికి మార్కెట్ వశమవుతుందని రచయిత సెలవిచ్చారు. గ్రీకు లిపిలో వేగా అనే అక్షరమే లేదు. పటాల అధ్యాయాలు నాలుగింటినీ నేను గౌరవపూర్వకంగా దాటవేశాను. అందులోని గీతలన్నీ కుడివైపు పైకి పోతున్నాయి.

ఇక ఈ తరహా పుస్తకాలకు అసలైన అగ్నిపరీక్ష ఏదని ఎవరైనా నన్నడిగితే, పుట్ ఆప్షన్ (రాసుకున్న ధరకు సరకు అమ్మే హక్కు) అమ్మేవాడి నష్టం గురించి రాసిన వాక్యాన్ని వెదకమంటాను. ఆ వాక్యం దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: "ధర సున్నా కంటే కిందికి పోదు కాబట్టి పుట్ అమ్మినవాడి నష్టానికి ఒక హద్దు ఉంది." మా మేనల్లుడి పుస్తకంలో ఇది 147వ పేజీలో, పెట్టె కట్టి, బల్బు బొమ్మతో సహా ఉంది. 2020 ఏప్రిల్ 20న న్యూయార్క్‌లో ముడిచమురు మే నెల ఒప్పందం పీపాకు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. నిల్వ చేయడానికి చోటు లేదు, తీసుకెళ్లేవాడికి ఎదురు డబ్బిచ్చి బతిమాలవలసిన పరిస్థితి. లాక్‌డౌన్ కారణంగా మన ఎక్స్ఛేంజి సాయంత్రం 5 గంటలకే తలుపులు మూసుకున్నందువల్ల, ఇక్కడివారు ఆ రాత్రి ఏమీ చేయలేక చూస్తూ కూర్చున్నారు. న్యూయార్క్ ధరను అనుసరించే తన ఏప్రిల్ ఒప్పందాన్ని ఎం.సి.ఎక్స్. చివరకు మైనస్ 2,884 రూపాయల దగ్గర తేల్చింది. లాటుకు వంద పీపాలు. అంటే ఆ చమురు తనకు ఉచితంగా వచ్చిందనుకున్నవాడు సైతం లాటుకు 2,88,400 రూపాయలు ఎదురిచ్చుకోవాలి. ఫ్యూచర్స్ మీది ఆప్షన్లకు ధర కట్టడానికి 1976లో ఫిషర్ బ్లాక్ ఇచ్చిన సూత్రం కూడా ఆ రాత్రి చేతులెత్తేసింది, ఎందుకంటే అందులో ధరకు సంవర్గమానం తీయాలి, ఋణసంఖ్యకు సంవర్గమానం ఉండదని మన పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఆ న్యూయార్క్ మార్కెట్‌ను నడిపే షికాగో ఎక్స్ఛేంజి రెండు రోజుల తరువాత, 1900లో పారిస్‌లో బాషెలియే అనే విద్యార్థి సిద్ధాంత వ్యాసంలో రాసిన పాత పద్ధతికి మారవలసి వచ్చింది. మా మేనల్లుడి పుస్తకం 2023 ముద్రణ. సున్నా ఇంకా 147వ పేజీలోనే నిలబడి ఉంది.

ఈ విషయం వాడితో చెబితే, "రచయిత స్వయంగా ట్రేడింగ్ చేసే మనిషి మామయ్యా, ఊరికే రాయరు" అన్నాడు. ఆ వాదనలో బలం ఉంది. ఫ్లోరిడాలో ఇటువంటి పెద్దమనిషే ఒకాయన ఉండేవాడు. ఆప్షన్లు అమ్మి స్థిరమైన ఆదాయం పొందడమెలాగో ఒక పుస్తకం రాశాడు, అది పలు కూర్పులు పొందింది, దాన్ని చూసి జనం తమ డబ్బును ఆయన చేతిలో పెట్టారు. 2018 నవంబరులో సహజవాయువు ధర ఒక్కసారిగా ఎగిసింది. ఆయన అమ్మిన కాల్ ఆప్షన్లు (రాసుకున్న ధరకు కొనే హక్కులు) తిరగబడి దాదాపు 290 మంది ఖాతాలు తుడిచిపెట్టుకుపోయాయి. కొందరు బ్రోకరుకు ఎదురు బాకీ కూడా పడ్డారు. ఆయన చక్కటి సూటు వేసుకుని కెమెరా ముందు కూర్చుని, రాకాసి అల వచ్చి పడవ బోల్తా కొట్టిందని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఈ ఉదంతం తరువాత నాకు అర్థమైనదేమంటే, రచయితకు స్వానుభవం ఉందా అని అడగడం చాలదు, ఆ అనుభవం పుస్తకం అచ్చయ్యాక కలిగిందా, అచ్చు కాకముందు కలిగిందా అని కూడా అడగాలి.

ఈ సందర్భంగా మన పంచాంగకర్తల నిజాయితీని తలచుకోకుండా ఉండలేను. ఉగాది నాడు ఏ పంచాంగం తెరిచినా, ప్రతి రాశికీ ఆదాయం పక్కనే వ్యయం ఉంటుంది. ఆదాయం 2, వ్యయం 14 అని అచ్చువేయడానికి ఆయన చేయి వణకదు. పైగా రాజపూజ్యం పక్కన అవమానం కూడా అంకెల్లో ఇస్తాడు. యాభై రూపాయల పంచాంగం చేస్తున్న ఈ పనిని 699 రూపాయల ఆప్షన్ల పుస్తకం ఎందుకు చేయదన్నది నా విమర్శలో కేంద్ర ప్రశ్న. షేర్ల ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) విభాగంలో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లు నూటికి 93 మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. సగటు నష్టం ఖర్చులతో కలిపి సుమారు 2 లక్షల రూపాయలు. ఆ లెక్క షేర్లది, సరకులది కాదు. అందువల్ల ఈ తరహా పుస్తకాల రచయితలు ఊపిరి పీల్చుకుని, సరకులు షేర్లంత ప్రమాదకరం కావని ఒక పేరా అదనంగా చేర్చుకోవచ్చు. ఈ గ్రంథంలో 41 ఉదాహరణలున్నాయి, నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. నలభై లాభంతో ముగుస్తాయి. నలభై ఒకటోది నష్టంలోకి జారుతుండగా అధ్యాయం ముగిసింది.

నష్టం అన్న మాట పూర్తి గౌరవంతో కనిపించే చోటు ఒక్కటే ఉంది. అది చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో, "ఇది కేవలం విద్యా ప్రయోజనాల నిమిత్తం, కలిగే నష్టాలకు రచయిత, ప్రచురణకర్త బాధ్యులు కారు" అన్న భాగం. శైలిపరంగా అది పుస్తకమంతటికీ తలమానికం. ఒక్క అక్షరదోషం లేదు, ఒక్క అతిశయోక్తి లేదు, ప్రతి మాటకూ బరువుంది. దాన్ని రాసినాయన చేత మిగతా 311 పేజీలూ రాయించి ఉంటే బాగుండేది.

ఆప్షన్ అమ్మేవాణ్ణి కూడా మార్కెట్ భాషలో రైటర్ అనే పిలుస్తారన్న సంగతి నాకు ఇక్కడే తట్టింది. రైటర్‌కు ప్రీమియం ముందే అందుతుంది. కొన్నవాడికి హక్కు మాత్రమే ఉంటుంది, ఆ హక్కు రోజురోజుకీ కరుగుతుంది. మన రచయిత కూడా తన 699 అందుకుని నిశ్చింతగా ఉన్నారు. పుస్తకం విలువ కరగడం కూడా నేను కళ్లారా చూశాను: పదో అధ్యాయం యావత్తూ శనగలు, గోధుమలు, సోయాబీన్ మీద ఉంది, కాగా 2021 డిసెంబరులోనే సెబీ వీటితో సహా ఏడు వ్యవసాయ సరకుల డెరివేటివ్స్‌ను, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్ల వంటి ఒప్పందాలను, నిలిపివేసి, ఆ గడువును పలుమార్లు పొడిగించింది. అచ్చయ్యేనాటికే మన దేశంలో ఆడలేని ఆటకు నలభై పేజీల నియమాలు రాసి ఇచ్చిన ఆ ఓపికకు నమస్కరించి, అధ్యాయం ఎదుట "చారిత్రక ప్రాముఖ్యం గలది" అని గుర్తు పెట్టుకున్నాను.

ఈ విధంగా పదకొండు రోజుల అధ్యయనం తరువాత, ఇరవై రెండు పేజీల నివేదికతో మేనల్లుణ్ణి పిలిపించి, పుస్తకాన్ని తిప్పి పంపవలసిందని తీర్పు చెప్పాను. వాడు నివేదిక కేసి, గోడ మీది క్యాలెండర్ కేసి చూసి, "గడువు పోయిన శనివారమే అయిపోయింది మామయ్యా" అన్నాడు. అప్పుడు నాకు స్పష్టమైంది. 699 రూపాయల స్ట్రైక్ ధరతో, ఏడు రోజుల గడువుతో, ఒక్క పైసా ప్రీమియం లేకుండా వాడి చేతిలో ఉన్న పుట్ ఆప్షన్‌ను నేను 147వ పేజీ దగ్గర సంవర్గమానాలు వెదుకుతూ కూర్చుని మురగబెట్టాను. పుస్తకంలో ఎక్కడా దొరకని డివాల్వ్‌మెంట్ ఆ విధంగా మా ఇంటి వసారాలోనే జరిగింది. గడువు తీరిన ఆప్షన్ తన కింద ఉన్న సరకుగా మారింది. ఆ సరకు కాగితం.

పాతపేపర్లవాడు ఆ రోజు నగదు మార్కెట్ ధర కిలోకు 12 రూపాయలన్నాడు. అట్ట మీద మెరుపు పూత ఉన్నందువల్ల అది తూకానికి పనికిరాదని చించి, ఎద్దును మాకే వదిలేశాడు. మిగిలిన పేజీలు 420 గ్రాములు తూగాయి. చిల్లర లేదని 5 రూపాయల బిళ్ల చేతిలో పెట్టి, నా నివేదిక కూడా వేస్తారా అని అడిగాడు. వేయలేదు. దాని చివరి పేజీలో పంచాంగం పద్ధతిలో ఆదాయం 5, వ్యయం 699 అని రాసి, రాజపూజ్యం, అవమానం గడులు ఖాళీగా ఉంచాను. వాటిని మా అక్కయ్య వచ్చి పూరిస్తానని ఫోన్ చేసింది.