వ్యాగన్‌కి సీలు వేస్తే సరా, చదివేవాడేడీ?

గోదావరి జిల్లాల్లో బియ్యం రేక్ (గూడ్సు రైలు) లోడింగు చూడ్డానికి వెళ్ళినవాళ్ళ కళ్ళన్నీ హమాలీల మీదే ఉంటాయి. బస్తా వీపుకెత్తుకుని పలక మీదుగా వ్యాగన్‌లోకి వెళ్ళొచ్చే ఆ వేగం అలాంటిది. చివర్లో తలుపు దగ్గర జరిగే పనిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. తలుపు మూస్తారు, గొళ్ళెం వేస్తారు, గొళ్ళెం కన్నంలోంచి సన్నటి తీగ దూరుస్తారు, రెండు కొసలూ సీసపు బిళ్ళలోకి పోనిచ్చి ప్లయర్‌తో ఒక్క నొక్కు నొక్కుతారు. ఇంటి కరెంటు మీటరుకి వేసే సీలు చూసే ఉంటారు, ఇదీ ఆ జాతిదే. దాని వెనక 50 కిలోల బస్తాలు 1,200కి పైగా ఉంటాయి. బీసీఎన్ అనే మూత వ్యాగన్లు 42 ఉన్న రేక్ మొత్తం కలిపితే సుమారు 2,600 టన్నులు, అంటే 52 వేల బస్తాలు.

ఇంత సరుక్కి ఇంత సన్నటి తీగా అని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే సరుకు తరిగిందని గొడవైనప్పుడల్లా ముందుగా వినిపించే మాట ఒక్కటే: గట్టి తాళాలు వెయ్యండి. బోల్టు సీళ్ళు, కేబుల్ సీళ్ళు, జీపీఎస్ తాళాలు అంటూ అమ్మేవాళ్ళు కూడా సిద్ధంగానే ఉంటారు. నా వాదన ఏమిటంటే, వ్యాగన్ తలుపు మీద మనకున్న లోటు ఇనుముది కాదు. దించుకునే చోట ఆ సీలు నంబరు చదివి, లోడింగు చోట రాసిన దానితో సరిచూసి, తేడా ఉంటే సంతకంతో రాసిపెట్టే మనిషి మన దగ్గర లేడు. ఆ మనిషి లేకుండా ఎంత ఖరీదైన సీలు వేసినా అది తలుపుకి వేలాడే ఇనపముక్కే.

తాళం పని ఆపడం. సీలు పని చెప్పడం. ఎవరైనా తలుపు తీస్తే, తీసిన గుర్తు చెరిపినా పోకుండా మిగలాలి. అందుకే సీలు బలాన్ని కొలిచే పద్ధతి వేరు, దాని నమ్మకాన్ని కొలిచే పద్ధతి వేరు. కంటైనర్లకి వాడే సీళ్ళ గురించి ఐఎస్ఓ 17712 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో సీళ్ళని మూడు తరగతులు చేశారు. మొదటిది కేవలం గుర్తు చూపించేది, రెండోది కాస్త గట్టిది, మూడోది 'హెచ్' తరగతి, హై సెక్యూరిటీ. హెచ్ అనిపించుకోవాలంటే లాగుడు పరీక్షలో 10 కిలోన్యూటన్లు తట్టుకోవాలి, సుమారుగా టన్ను బరువు వేలాడదీసినట్టు. ఆ ప్రమాణం ఇంకో సంగతి కూడా అడుగుతుంది: సీలు తయారుచేసే కంపెనీ నంబర్లు పునరావృతం కాకుండా ఎలా చూసుకుంటోంది, స్టాకుని ఎలా కాపాడుతోంది, పోయిన సీళ్ళకి లెక్క ఉందా? నా దృష్టిలో టన్ను బరువు కన్నా ఈ ప్రశ్నలే ముఖ్యం.

సీసం సీలుదీ ఇదే కథ. ఆ ప్లయర్ దవడల్లోనే ముద్ర అచ్చు ఉంటుంది. అది గూడ్స్ షెడ్ బల్ల మీద పడి ఉంటే, అది ఎవరి చేతికి చిక్కితే వాళ్ళ సీలూ అసలు సీలే. తీగని ఓపిగ్గా లాగి, పని కానిచ్చుకుని, మళ్ళీ దూర్చి నొక్కినా దూరం నుంచి తేడా తెలీదు. మరి బోల్టు సీలు? దానికి పిన్ను ఒక ముక్క, బుష్ ఒక ముక్క, మంచి రకాల్లో రెండింటి మీదా ఒకే నంబరు. కోస్తే తప్ప రాదు. నిజమే. కానీ తలుపు తియ్యడానికి సీలు జోలికి పోవాల్సిన అవసరం ఏముంది? గొళ్ళేన్ని తలుపుకి పట్టి ఉంచిన రివెట్టు ఊడదీస్తే సీలుతో సహా గొళ్ళెం మొత్తం పక్కకి వస్తుంది. కంటైనర్ దొంగతనాల్లో ఇది పాత విద్య. పని అయ్యాక కొత్త రివెట్టు కొట్టి, మీద కాస్త రంగు పూస్తే దింపే చోట సీలు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. రైల్వే వాళ్ళ భాషలో 'ప్యానెల్ కట్' అనే మాట ఊరికే పుట్టలేదు, అక్కడ తలుపు వదిలేసి గోడ రేకునే కోస్తారు. ఇంకా తేలికైన పద్ధతి తలుపు సందులోంచి ఇనప గొట్టం దూర్చి బస్తాకి గుచ్చడం. గింజలు వాటంతటవే జారిపోతాయి, బస్తాల లెక్క తగ్గదు, సీలు కదలదు.

అమెరికాలో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రోజర్ జాన్‌స్టన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఏళ్ళ తరబడి ఇదే పని చేశారు. వందల రకాల సీళ్ళు తెచ్చి, మామూలు పనిముట్లతో తీసి, గుర్తు తెలియకుండా మళ్ళీ పెట్టగలమా అని చూశారు. చాలావాటిని నిమిషాల్లోనే జయించారు. ఖరీదైనవి, ఎలక్ట్రానిక్‌వి కూడా అందుకు మినహాయింపు కాలేదు. వాళ్ళు పదే పదే చెప్పిందేమిటంటే, సీలు ఎంత మంచిదన్నది దాన్ని వాడే పద్ధతి, చూసేవాడి శిక్షణ మీదే ఆధారపడుతుంది. ఏ రకం సీలుని ఎలా మోసం చేస్తారో ముందే తెలిసినవాడు చూస్తే మామూలు సీలు కూడా పట్టిస్తుంది.

మన డెల్టాలో దీనికి వాతావరణం తోడు. సముద్రపు గాలి, ఉప్పు తేమ, వానాకాలం. రెండు వానలు తడిసిన తీగ తుప్పు పట్టి, ఎవరూ ముట్టకుండానే యార్డులో తెగి పడుతుంది. ఎండకి ప్లాస్టిక్ సీలు పెళుసెక్కుతుంది. ఊరికే తెగిన సీళ్ళు పది చూసిన గుమస్తా, పదకొండోది ఎవరో కోసిందైనా "ఇదీ అంతేలే" అనుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేం. డెల్టాకి సరిపడే సీలు ఏదని అడిగితే నేను ముందు తుప్పు గురించి అడుగుతాను, బలం సంగతి తరవాత.

ఇక చట్టం. 1989 రైల్వే చట్టం చదివితే సీలు ఎందుకో తేటగా అర్థమవుతుంది. 65వ సెక్షన్ ప్రకారం, వ్యాగన్ లోడుగానో రైలు లోడుగానో పంపిన సరుకు తూకాన్ని, సంచుల లెక్కని రైల్వే ఉద్యోగి సరిచూడకపోతే ఆ ముక్క రైల్వే రసీదు (ఆర్ఆర్) మీద రాస్తారు. వ్యాపారులు 'సెడ్ టు కంటైన్ ఆర్ఆర్' అనేది దీన్నే. అలా రాశాక లోపల ఇంత సరుకు ఉందని నిరూపించుకోవాల్సిన భారం పంపినవాడిదో, దించుకునేవాడిదో అవుతుంది. రైల్వేది కాదు. 81వ సెక్షన్ దానికి ఇవతలి వైపు. సరుకు దెబ్బతిని వచ్చినా, ఎవరో చెయ్యి పెట్టిన గుర్తులు కనిపించినా, దించుకునేవాడు అడిగితే రైల్వే ఓపెన్ డెలివరీ ఇచ్చి తీరాలి. అంటే అందరి ముందూ తెరిచి లెక్క రాయాలి. చెయ్యి పెట్టిన గుర్తు ఉండాలి అన్నది అక్కడి షరతు. ఆ గుర్తుని మోసే వస్తువే సీలు. నంబరు ఎక్కడా రాయకపోతే గుర్తుకి ఆధారమే ఉండదు.

దీనికి ఇంకో మెలిక ఉంది, దాన్ని వదిలేస్తే బియ్యం తరుగు గురించి మాట్లాడడమే దండగ. ప్రభుత్వం తీసుకునే బియ్యంలో తేమ 14 శాతం దాకా ధర కోత లేకుండా ఒప్పుకుంటారు. 14 శాతంతో ఎక్కిన 2,600 టన్నుల బియ్యం దారిలో ఎండకి కాగి 13 శాతానికి దిగిందనుకోండి. తూకంలో దాదాపు 30 టన్నులు మాయం. ఒక్క గింజ కూడా ఎవరూ ముట్టలేదు. 93వ సెక్షన్ ఇలా సరుకు స్వభావం వల్ల తరిగిన బరువుకి రైల్వేని బాధ్యుణ్ణి చెయ్యదు. ఇప్పుడు 30 టన్నుల తరుగులో గాలికి పోయిందెంత, గొట్టానికి పోయిందెంత? కాటా చెప్పలేదు. సీళ్ళన్నీ సరిగ్గా ఉన్న వ్యాగన్లలో తరుగు ఎంతో, సీలు తేడా ఉన్న వ్యాగన్లలో ఎంతో విడివిడిగా రాస్తే చెప్పొచ్చు. 40 వ్యాగన్లు ఒకలా తరిగి, రెండు మాత్రం రెట్టింపు తరిగితే, ఆ రెండింటి మీదే వేలు పెట్టొచ్చు. వ్యాగన్‌కి ఒక గడి పెట్టి సీలు నంబరు రాయమంటున్నది ఇందుకే.

ఇలా విడివిడిగా రాయకపోవడం వల్ల ఎవరికి లాభం? కొంచెం నిష్ఠూరంగా ఉన్నా అనాల్సిందే. తరుగంతా తేమ ఖాతాలోకి పోతే పంపినవాడికి పేచీ లేదు, రైల్వేకి క్లెయిము లేదు, దించుకున్నవాడికి విచారణ లేదు. లోడింగులో పదో పరకో బస్తా తక్కువ ఎక్కినా అదీ అందులోనే కలిసిపోతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సీలు నంబరు రిజిస్టరు మాత్రం కనీసం ఇంట్లో పోయిందా, దారిలో పోయిందా అన్నది తేల్చగలదు. అందుకే దాని మీద ఎవరికీ అంత ఉత్సాహం లేదనుకుంటాను.

సీలు చదివితే ఏమవుతుందో చూడ్డానికి ఎక్కడికో పోనక్కర్లేదు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్ల దగ్గర నిలబడితే చాలు. ఎగుమతి కంటైనర్ తలుపు మూశాక వేసే బోల్టు సీలు హెచ్ తరగతిది. 2017లో కస్టమ్స్ శాఖ ఎగుమతిదారు తనే వేసుకునే సీలుకి ఆర్ఎఫ్ఐడీ (రేడియో చిప్పున్న) రకాన్ని తప్పనిసరి చేసింది. సీలు నంబరు, వేసిన సమయం, లారీ నంబరు ముందే కంప్యూటర్‌లో ఎక్కుతాయి. రేవు గేటు దగ్గర రీడరు పెట్టి చూస్తే సీలు బాగుందో, ఎవరైనా కదిపారో తెలుస్తుంది. అమెరికా కస్టమ్స్ వాళ్ళు తమకి సరుకు పంపేవాళ్ళకి నేర్పే పద్ధతి నాలుగు ముక్కలు: సీలుని చూడు, నంబరు సరిపోల్చు, లాగు, తిప్పు. ఈ పనికి అర నిమిషం కూడా పట్టదు. రొయ్యకి దొరికిన ఈ అర నిమిషం బియ్యానికి దొరకడం లేదు, ఎందుకంటే రొయ్య కొనేవాడు సీలు సరిగ్గా లేకపోతే కంటైనర్ వెనక్కి పంపుతాడు. రేషను బియ్యాన్ని వెనక్కి పంపేవాడెవడు?

ఈ మాట అనగానే కాకినాడ రేవు గుర్తురాక మానదు. 2024 నవంబరు చివర్లో స్టెల్లా అనే నౌకలో రేషను బియ్యం బయటపడ్డ గొడవ అందరికీ తెలిసిందే. పోషకాలు చేర్చిన గింజల్ని రేషను బియ్యంలో అప్పట్లో నూటికి ఒకటి చొప్పున కలిపేవాళ్ళు కాబట్టి, ఆ గింజలున్నాయా అని పరీక్షించి ఇది ఎక్కడి బియ్యమో తేల్చారు. సంచి మారినా, లారీ మారినా గింజ మారలేదు. ఒక రకంగా ఆ గింజే సీలు. ఇక్కడ ఒక హద్దు కూడా ఒప్పుకోవాలి. వ్యాగన్ తలుపు సీలు రైలు ప్రయాణానికే కాపలా. మిల్లు నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి రేషను షాపుకి, అక్కణ్ణుంచి ఇంటి గుమ్మం దాటి మళ్ళీ వ్యాపారి చేతికి పోయే దారిలో దానికి పాత్ర లేదు. కోనసీమ లాంటి చోట సరుకు ముందు లారీ ఎక్కాల్సిందే, కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వెయ్యాల్సిన లైను ఇంకా పూర్తే కాలేదు.

ఎలక్ట్రానిక్ తాళాల మాటకొస్తే, విశాఖ రేవు నుంచి నేపాల్ వెళ్ళే కంటైనర్లకి ట్రాకింగ్ సీళ్ళు వాడుతున్నారు. సరిహద్దు దాటే సరుకు, పన్ను ఎగ్గొట్టే భయం, కాబట్టి అక్కడ అర్థముంది. మన బియ్యం వ్యాగన్లకి అదే తగిలిస్తే రేక్‌కి కనీసం 84 తాళాలు కావాలి, ఎందుకంటే తలుపులు రెండు వైపులా ఉంటాయి. వాటికి బ్యాటరీలు నింపాలి, కేరళ లాంటి దూరపు చోట దింపాక వాటిని ఏరి మళ్ళీ ఇక్కడికి పంపాలి. ఖాళీ గోనెసంచుల్నే సరిగ్గా వెనక్కి రప్పించుకోలేని చోట ఇది జరిగే పనేనా? తాళం ఫలానా చోట తెరుచుకుందని తెర మీద ఎర్ర చుక్క వస్తుంది, సరే. అర్ధరాత్రి ఏ యార్డులోనో ఆగిన ఆ వ్యాగన్ దగ్గరికి వెళ్ళేదెవరు?

నేను కోరేవి ఇంతకన్నా చవక. తుప్పు పట్టని, నంబరున్న కేబుల్ సీలు చాలు. ఆ నంబరు వ్యాగన్ వారీగా రైల్వే రసీదులో ఎక్కాలి, ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఆర్ఆర్ వచ్చాక దానికి ఒక గడి కలపడం పెద్ద విషయం కాదు. సీలూ గొళ్ళెం రివెట్లూ రెండూ కనబడేలా ఒక ఫోటో. దింపే చోట గోడౌను మనిషి, రైల్వే మనిషి కలిసి చూసి సంతకం పెట్టాకే సీలు కొయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది డెమరేజీ. దింపడానికిచ్చిన గంటలు దాటితే రైల్వేకి డబ్బు కట్టాలి కాబట్టి, సీలు తేడా కనిపించినా ఓపెన్ డెలివరీ అడగడానికి ఎవడూ సాహసించడు, ముందు దింపెయ్యండిరా అంటాడు. సీలు తేడా రాసిన వ్యాగన్‌కి, లెక్క తేలేదాకా, ఆ గడియారం ఆగాలి. ఈ ఒక్క నియమం రాకపోతే మిగతావన్నీ కాగితాల మీదే ఉంటాయి.

తరిగిన సరుకుకి పరిహారం అడుగుతూ రైల్వేకి ఇచ్చే క్లెయిము నోటీసుకి 106వ సెక్షన్ ఆరు నెలల గడువిచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెత చట్టం రాసినవాళ్ళకి తెలుసో లేదో గానీ, ఆ ఆరు నెలల తరవాత రైల్వే క్లెయిముల ట్రిబ్యునల్ అడిగేది మాత్రం ఆధారమే. ఇవాళ దింపేచోట హమాలీ కట్టర్‌తో సీలు కోసి పట్టాల మధ్యకి విసిరేస్తాడు, అతనికి చెప్పినవాడు లేడు. కోసిన ముక్కల్ని వ్యాగన్ నంబరు రాసిన కవర్లో వేసి ఆ గడువు దాటేదాకా ఉంచమంటే గోడౌనుకి అయ్యే ఖర్చు ఒక బీరువా అర.