కౌలు రైతుకి కౌంటర్ ఎవరిస్తారు?

పొలిటికల్ రిపోర్టర్ దగ్గరికి ఫైల్ పట్టుకుని వెళ్లే అమాయకులు ఇంకా ఉన్నారు. జీవో కాపీలు, చట్టం ప్రతులు, ముఖ్యమైన లైన్ల కింద ఎర్ర గీతలు. ఆయన మొదటి కాగితం తిప్పి, ఫోన్ చూసుకుని, ఒకటే అడుగుతాడు: "ఇది ఎవరి మీద సార్?"

నేను ఇవ్వబోయింది ఆంధ్రప్రదేశ్ కౌలు రైతుల కార్డుల సంగతి. 2011 చట్టంలో రుణ అర్హత కార్డులకు భూయజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019లో దాన్ని తీసేసి కొత్త చట్టం తెచ్చారు. కార్డు 11 నెలలు చెల్లుతుంది, యజమాని సంతకం పెడితేనే. పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. సంతకం లేనిదే కార్డు లేదు, కార్డు లేనిదే బ్యాంకువాళ్లు మొహం చూడరు. మొదటి చట్టం ఒక పార్టీది, రెండోది ఇంకో పార్టీది, మధ్యలోనూ ఆ తర్వాతా పాలించింది మూడో పార్టీ.

రిపోర్టర్ నిట్టూర్చాడు. "ముగ్గురూ ఉన్నారుగా సార్! ఇక కౌంటర్ ఎవరిస్తారు?"

నిజమే. అందరూ బాధ్యులైతే అది వార్తెలా అవుతుంది?

కాబట్టి విధానాల మీద వార్త రావాలని కోరుకునే మేధావులకు నా సలహా: ఫైల్ రిపోర్టర్‌కి ఇవ్వకండి. ఒక ఎమ్మెల్యేకి ఇచ్చి, అసెంబ్లీ మీడియా పాయింట్ దగ్గర చింపించండి. ఇక చూస్కోండి. చింపింది ఎడమ చేత్తోనా, కుడి చేత్తోనా? స్లో మోషన్‌లో ఎర్ర సున్నా చుట్టి గంటసేపు చూపిస్తారు. ముక్కలు ఎదుటి పార్టీ ఆయన మీద పడ్డాయా, ఆయనే వెళ్లి కింద నిలబడ్డాడా? సాయంత్రం డిబేట్‌లో నలుగురు. ఒకాయన చింపడం సభా సంప్రదాయం అంటాడు, ఒకాయన 'మీ హయాంలో మైకులే విరిచారు' అంటాడు. మర్నాడు అదే చోట పాలాభిషేకం, అతికించిన కాగితానికి. ఆ కాగితం మీద ఏం రాసుందని యాంకర్ అడగడు, ప్యానెల్ చెప్పదు. రాత్రి పదకొండుకి 'చింపుడు వెనుక అసలు వ్యూహం' అని ప్రత్యేక కథనం. వ్యూహం ఢిల్లీ నుంచి వచ్చిందట.

తెలంగాణలోనూ ఇదే తంతు. 2018లో రైతుబంధు వచ్చింది, పట్టాదారుకే. అదే ఏడాది 5 లక్షల రైతు బీమా, అదీ పట్టాదారుకే. అప్పుచేసి దున్నినవాడు పురుగుమందు తాగి పోతే, ఇంట్లోవాళ్లని ఆఫీసులో అడిగేది పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందని. పోయినవాడి పేరు మీద లేదు, పో అంటారు. ఎవరికి డబ్బు అందాలి, ఎవరికి అందకూడదో సంతకం పెట్టి తేల్చారయ్యా! అది రాజకీయం కాదా? మంత్రిగారు అలిగి పెళ్లి భోజనానికి రాకపోవడం రాజకీయమా? ఆయన చిట్‌చాట్‌లో నవ్విన నవ్వుకి పేపర్లో మూడు కాలమ్‌లు ఇస్తారే, సిగ్గుండక్కర్లా?

రిపోర్టర్ మరీ కఠినుడేం కాదు. జిల్లా పేజీలో చిన్న బాక్స్ ఇప్పిస్తానన్నాడు. ఫొటో పంపాలట. అందులో ఎమ్మెల్యే ఉంటే మంచిదట. రైతు పక్కన నిలబడితే చాలు, పేరు అక్కర్లేదన్నాడు.