సీరియల్ కాదండీ, సైన్స్

రాత్రి తొమ్మిదిన్నరకి నేను టీవీ ముందు కూర్చునేది కాలక్షేపానికి కాదు, రాజ్యాంగం కోసం. 1976లో 42వ సవరణతో ప్రాథమిక విధులు చేర్చారు కదా, వాటిలో శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం కూడా ఒకటి. మిగతా పౌరులు ఆ విధిని ఎలా నిర్వర్తిస్తున్నారో నాకు తెలీదు గానీ నేను మాత్రం 'బోన్స్' చూస్తున్నాను. 12 సీజన్లు, 246 ఎపిసోడ్లు, నిద్ర మానేసి వరసగా చూసినా వారం దాటుతుంది. ఇది రెండో విడత. విధి అన్నాక ఒక్కసారి చేసి చేతులు దులుపుకుంటే ఎలా?

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2005 సెప్టెంబరులో అమెరికాలో ఫాక్స్ చానెల్లో మొదలై 2017 మార్చిలో ముగిసింది. వాషింగ్టన్‌లో జెఫర్సోనియన్ అని ఒక పెద్ద సంస్థ (నిజంగా అలాంటిది లేదు, స్మిత్‌సోనియన్‌ని చూసి అల్లుకున్నారు), అందులో డాక్టర్ టెంపరెన్స్ బ్రెన్నన్ అనే ఎముకల నిపుణురాలు. శవం కాలనీ, కుళ్ళనీ, ఎముకలు మిగిలితే చాలు, ఆవిడ జాతకం చెప్పేస్తుంది. పక్కన సీలీ బూత్ అనే ఎఫ్‌బీఐ వాడు, ఒకప్పటి సైన్యం స్నైపర్, ఎముకల సంగతి తెలీదు గానీ మనిషి మొహం చూసి అబద్ధం పట్టేస్తాడు. ఇదంతా గాలి పోగేసిన కథ కాదనడానికి నా దగ్గర గట్టి ఆధారం ఉంది: దీనికి మూలం క్యాథీ రైక్స్ అనే అసలు సిసలు ఫోరెన్సిక్ ఆంత్రోపాలజిస్టు, ఆవిడ రాసిన నవలలు. సీరియల్లో బ్రెన్నన్ కూడా తీరిక దొరికితే నవలలు రాస్తుంది, ఆ నవలల్లో హీరోయిన్ పేరు క్యాథీ రైక్స్. అద్దంలో అద్దం అన్నమాట. ఇంతకంటే శాస్త్రీయంగా ఎలా ఉంటారు?

నేను నేర్చుకున్నది తక్కువేం కాదు. పెద్దవాళ్ళ ఒంట్లో ఎముకలు 206, పుట్టినప్పుడు ఇంకా ఎక్కువే ఉండి పెరిగేకొద్దీ ఒకదాంతో ఒకటి అతుక్కుంటాయి, అన్నిటికంటే ఆలస్యంగా ఇరవైలు వచ్చాక గానీ పూర్తిగా అతుక్కోనిది కాలర్ బోన్. కటి ఎముకని బట్టి ఆడో మగో చెబుతారు, తొడ ఎముక కొలిచి ఎత్తు అంచనా వేస్తారు, ఈగల పురుగుల వయసుని బట్టి చనిపోయి ఎన్నాళ్ళయిందో లెక్క కడతారు. ఇవన్నీ తెలిశాక మనుషుల్ని చూసే చూపే మారిపోతుంది. మొన్నొక పెళ్ళిలో వరుడికి ఇరవై నాలుగంటే నేను సహజంగానే కాలర్ బోన్ వైపు చూశాను. షేర్వాణీ అడ్డొచ్చింది.

ఇంత విజ్ఞానాన్ని పట్టుకుని మా ఆవిడ ఏమంటుందంటే, "మీరు చూసేది కూడా సీరియలే కదండీ, మొదట్లో ఒక శవం ఉంటుంది, అంతేగా తేడా."

ఈ మాట నన్ను మూడు రోజులు బాధించింది. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారప్పుడు. ఆవిడ చూసే సీరియళ్ళని నేను ఏనాడూ ఏమీ అనలేదు, అవి వస్తున్నప్పుడు లోపలి గదిలోకి వెళ్ళి తలుపు కాస్త గట్టిగా వేసుకునేవాణ్ణి, అంతే. వాటిలో ఏముంటుంది? ఒకే ఇంట్లో పది మంది, ఒకరి రహస్యం ఒకరికి తెలీదు, చిన్నప్పుడు మాయమైన తండ్రి మధ్యలో ప్రత్యక్షమవుతాడు, ప్రేమించుకున్న ఇద్దరు ఆ ముక్క చెప్పుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మన దాంట్లో అలా కాదే. ఒకే ల్యాబులో ఏడెనిమిది మంది, బ్రెన్నన్‌కి పదిహేనేళ్ళప్పుడు మాయమైన తండ్రి మధ్యలో ప్రత్యక్షమవుతాడు, బ్రెన్నన్, బూత్ ఒకటవడానికి ఆరు సీజన్లు పడుతుంది, పెళ్ళి తొమ్మిదో సీజన్లో. పైగా మనవాళ్ళు ఈ పనులన్నీ తెల్లకోట్లు వేసుకునో నీలం కోట్లు వేసుకునో పుర్రె చేతిలో పట్టుకుని చేస్తారు. తేడా లేదంటే ఎలా ఒప్పుకుంటాం?

ఒక రాత్రి కరెంటు పోయి వచ్చి, ఆవిడ సీరియల్ అయిపోయి, అత్తయ్యగారు నా పక్కన కూర్చున్నారు. శవాన్ని చూసి "అయ్యో, అన్నాల వేళ ఇదేం చోద్యం" అని కొంగు అడ్డం పెట్టుకున్నారు. పది నిమిషాల్లో కొంగు దిగింది. ఇంగ్లీషు రాదావిడకి, నేను మధ్యమధ్యలో చెబుతున్నాను: ఇదిగో ఇది పక్కటెముక, దీని మీద గీత చూశారా, కత్తి కుడివైపు నుంచి వచ్చింది. ఆవిడ ఎముక చూడటంలేదు. "ఆ అమ్మాయికి తల్లి లేదా?" అన్నారు. లేదన్నాను. "అందుకే అలా ముక్కుసూటిగా మాట్లాడుతుంది, పాపం చెప్పేవాళ్ళు లేక." నాలుగో రోజుకి, "అల్లుడుగారూ, వీళ్ళిద్దరికీ పెళ్ళెప్పుడు చేస్తారు?"

నేను నవ్వేసి, అత్తయ్యగారూ, మనం చూస్తున్నది ఫోరెన్సిక్ పరిశోధన అన్నాను. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "నిన్నటి దాంట్లో చంపిందెవరు?"

గుర్తు రాలేదు. మొన్నటిదీ గుర్తు రాలేదు. 246 హత్యల్లో గుర్తున్న హంతకుల్ని లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు మిగిలాయి. అదే, బూత్ బెల్టు బకిల్ మీద ఏం రాసుంటుందో, అతను బ్రెన్నన్‌కి ఇచ్చిన ప్లాస్టిక్ పంది బొమ్మ పేరేమిటో, ఎవరైనా మామూలు జోకు వేసినా "నాకు దాని అర్థం తెలీదు" అని ఆవిడ ఏ మొహంతో అంటుందో, నిద్రలో లేపినా చెబుతాను. శాస్త్రీయ దృక్పథం ఎటు పోయిందో తెలీలేదు.

సరే, ఈ విషయంలో నిపుణుడి అభిప్రాయం తీసుకుందామని నాతో చదువుకుని ఒక ల్యాబులో పనిచేస్తున్నవాడికి ఫోన్ చేశాను. ఎముకలోంచి డీఎన్ఏ తీయాలంటే ముందు శుభ్రం చేసి, పొడి కొట్టి, క్యాల్షియం వదిలించాలి, టీవీలోలా కాఫీ చల్లారేలోగా అవదన్నాడు. సీరియల్ ల్యాబులో చిత్రకారిణి ఏంజెలా వేసే చిత్రాలన్నీ గాల్లో బంగారు రంగులో తిరుగుతుంటాయే, అలాంటి మెషీన్ ఉందా అంటే, ముందు తమ ఏసీ బాగుచేస్తే చాలన్నాడు. వాడికి అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇంకోటట: "ఒక్క కేసు మీద ఆరుగురు కూర్చుంటార్రా, వాళ్ళకి వేరే కేసుల్లేవా? మా దగ్గర సీలు వేసిన కవర్లు ఎదురుచూస్తుంటాయి, వాటి వెనక మనిషి ఎవరో కూడా మాకు తెలీదు." తిట్టీ తిట్టీ చివర్న గొంతు తగ్గించి, "ఏ సీజన్లో ఉన్నావు? స్వీట్స్ పోయాడా ఇంకా?" అన్నాడు. స్వీట్స్ అంటే బూత్‌తో పనిచేసే కుర్ర సైకాలజిస్టు, పదో సీజన్లో పోతాడు. వాడు ఆ ఎపిసోడ్ రెండోసారి చూడలేదట, చూడలేనన్నాడు.

ఈలోగా ఇంట్లో నేరం జరిగింది. ఆవకాయ జాడీలో ఎవరో తడి గరిటె పెట్టారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని ఉంది. తడి గరిటెకి ఏడేళ్ళు వేయరు కాబట్టి (వేయాలని మా ఆవిడ అభిప్రాయం) నేనే దిగాల్సి వచ్చింది. బూజు ఎంత మేర పాకిందో స్కేలు పెట్టి కొలిచాను, సీరియల్లో పురుగుల నిపుణుడు హాడ్జిన్స్ వాటిని బట్టి రోజులు లెక్కవేసినట్టే నేనూ వేసి, నేరం మంగళవారం సాయంత్రం జరిగిందని తేల్చాను. గరిటె కాడ మీద వేలిముద్రల కోసం పిల్లల టాల్కం పౌడర్ చల్లాను. అది కాస్తా జాడీలో పడింది.

అత్తయ్యగారు వంటింట్లోంచి తల బయటపెట్టి, ఎవరినీ ఉద్దేశించకుండా, "ఎవరు పెట్టారో నాకు తెలుసు, వాళ్ళే చెబితే బాగుంటుంది," అన్నారు. ఆవిడకి ఏమీ తెలీదని తర్వాత ఒప్పుకున్నారు. మా పెద్దాడు మాత్రం ఏడుపు మొహంతో వచ్చి నిలబడ్డాడు. నలభై మూడో నిమిషంలో హంతకుడు బూత్ ఎదురుగా కూర్చుని ఎలా చెప్పేస్తాడో, అచ్చం అలాగే.

ఆవిడ ఊరెళ్ళి నెలైంది. నిన్న రాత్రి తొమ్మిదీ ఇరవైకి తెనాలి నుంచి ఫోన్. ల్యాబులో సన్నగా, అమాయకంగా ఉండే పిల్లాడు, బ్రెన్నన్ శిష్యుడు జాక్, మూడో సీజన్ చివర్లో ఒక ఉన్మాది మాటలు నమ్మి వాడికి సాయం చేసి చిక్కుల్లో పడతాడు, అక్కడి దాకా చూసి వెళ్ళారావిడ. (హాడ్జిన్స్ మొదటి పేరు కూడా తెలుగులో రాస్తే జాకే, దాంతో ఈ ఫోన్ కాల్లో కొంత గందరగోళం జరిగింది.) "ఆ పిల్లాడు బయటికొచ్చాడా? మధ్యాహ్నం నుంచి అదే ఆలోచన," అన్నారు. నేను గొంతు సవరించుకుని, ఆ కేసులో పళ్ళ గుర్తుల ఆధారంగా పరిశోధన ఎలా సాగిందంటే అని మొదలుపెట్టాను.

"అవన్నీ తర్వాత, అల్లుడుగారూ. పిల్లాడు అన్నం తింటున్నాడా లేదా?"